చేతికివ్వని ఉప్పు

ఇటు జరుగు నైనికా. ఇంకొంచెం. నీ భుజం నా భుజానికి తగలాలి, అప్పుడే నేను అరవకుండా చెప్పగలను, నువ్వు మళ్ళీ చెప్పమనకుండా వినగలవు. ఆ ఫోను కాసేపు సంచిలో పడేయమ్మా. ఈ వరస కదిలి ఆ చివరి బల్ల దాకా వెళ్ళేలోగా నీకొకటి చెప్పాలి, ఇప్పుడు చెప్పకపోతే ఎక్కడ జారిపోతుందో నాకే తెలియదు. ఈమధ్య నా దగ్గర ఏదీ నిలవడం లేదు. చేతిలో ఉన్న గ్లాసు కోసం ఇల్లంతా వెతుకుతున్నాను, దొరికాక అది ఎందుకు వెతికానో గుర్తు రావడం లేదు. ఇది హోటలే కదా? కార్పెట్ మీద ఈ ఎర్ర పువ్వులు ఎక్కడో తొక్కాను. మీ అమ్మ పెళ్ళి విందు ఇలాంటి పువ్వుల మీదే జరిగింది, అది ట్రాయ్‌లో, ఇది షామ్‌బర్గ్. హోటళ్ళవాళ్ళందరూ ఒకే చోట కార్పెట్లు కొంటారేమో, లేకపోతే నేనే ఒక కార్పెట్ తీసుకుని అన్ని గదుల్లోనూ పరుచుకుంటున్నానేమో, ఏదైనా కావచ్చు.

చూడు ఎలా ఉందో హాలు, పాత సీరియళ్ళలో వేసినవాళ్ళు వచ్చి అభిమానులకి సంతకాలు పెట్టే పండగ. ప్రతి బల్ల ముందూ ఒక వరస, ప్రతి బల్ల వెనకా ఒక ముసలి ప్రాణం, ఆ ముసలి ప్రాణం వెనక నిలువెత్తున వాళ్ళ వయసు ఫోటో. ఆ మూలనున్నావిడ వెనక ఫోటోలో నడుము పిడికెడు, ఇప్పుడు చక్రాల కుర్చీలో కూర్చుని బిస్కెట్టు ముంచుకుంటోంది. వీళ్ళందరూ టీవీలో రోజూ నా ఇంటికి వచ్చి వెళ్ళినవాళ్ళే, అయినా నా కళ్ళు ఆ చివరి బల్ల మీదే ఉన్నాయి. వెర్నన్ క్లేబర్న్. పల్లెటూరి డాక్టరుగా వేసినాయన. తొంభై దాటాయట, ఇక్కడినుంచి తెల్లటి తల మాత్రమే కనిపిస్తోంది, పొయ్యి మీద పాలు పొంగబోయే ముందు నురగలా. ఆయన వెనక ఫోటోలో చెయ్యెత్తు మనిషి, చేతిలో తోలు సంచీ, ఆ కళ్ళు నాకు తెలుసు. నా సంచిలో ఉప్పు జాడీ ఉంది, నువ్వు కార్లో చూసి నవ్వావు. నవ్వు, ఏం ఫరవాలేదు. ఆ జాడీ కోసమే వచ్చాను.

ఎల్లుండి సోమవారం మళ్ళీ ఆ జ్ఞాపకాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. పోయినసారి గడియారం బొమ్మ గీయమంటే గీశాను, ముళ్ళు కూడా పెట్టాను. తర్వాత, ఏదైనా పాత సంగతి చెప్పండి అంది. ఎంత మంచి మాట! నన్ను అలా అడిగినవాళ్ళే లేరు, అడగకుండానే చెబుతాను కదా. ఆ మంచు కురిసిన సాయంత్రం చెప్పాను, టీవీ డాక్టరు గారు మా ఇంటికి వచ్చి అన్నం తిన్న సంగతి. చెబుతూ చెబుతూ పక్కకు చూస్తే మీ అమ్మ నేలవైపు చూస్తూ తల అడ్డంగా ఊపుతోంది. డాక్టరమ్మ ఆ ఊపుడే రాసుకుంది, నా మాట కాదు. ఇంటికొచ్చే దారిలో మీ అమ్మ అన్నది నీకూ వినిపించింది, వెనక సీట్లో ఉన్నావు. "అమ్మా, ప్లీజ్, ఇంకోసారి ఆ యాక్టర్ గొడవ ఎత్తకు. అది షోలో సీన్ అమ్మా. పొద్దస్తమానం చూసి చూసి మనింట్లో జరిగిందనుకుంటున్నావ్." కోపంగా అనలేదు, ఉమకి కోపం రాదు, ఏడుపొస్తుంది. మర్నాడు పొయ్యి వెలిగించడానికి తిప్పే చెవులు లేవు, పీకి ఎక్కడో దాచింది. పగలు నన్ను ఉంచే చోటొకటి చూసొచ్చారు మీ అమ్మా నాన్నా, బాగుందట, పాటలు పాడిస్తారట, తలుపులు మాత్రం బయటనుంచే తెరుచుకుంటాయట.

అదీ ఓర్చుకుంటాను. తలుపుదేముంది. నా భయం వేరే. మీ అమ్మ మాటే నిజమైతే? నేను కలపడం లేదని ఎలా అనను, కలిపాను కదా. మా పక్కింటి పామర్ గారి కొట్టం తగలబడిందనీ, గుర్రం కళ్ళకి తడిగుడ్డ కట్టి మంటల్లోంచి నడిపించుకొచ్చారనీ, నేను కిటికీలోంచి చూశాననీ ఎంతమందికి చెప్పాను! పొగ వాసన కూడా చెప్పాను. నువ్వే కదా ఆ రోజు ఫోనులో వెతికి చూపించావు, అదే కొట్టం, అదే గుర్రం, అదే తడిగుడ్డ, డాక్టరు గారి సీరియల్లో. నేను చూశాననుకున్నది అబద్ధం కాదు, చూశాను, కానీ కిటికీలోంచి కాదు. మరి పొగ వాసన ఎక్కడిది? నా వంటింట్లో ఏదో మాడి ఉంటుంది. అప్పటినుంచి నా బతుకులో ఏది ముట్టుకున్నా ఆగి అడుగుతున్నాను, ఇది నాదా, టీవీదా అని. చిన్నప్పుడు వేటపాలెంలో మా నాన్న నన్ను భుజాన ఎత్తుకుని రైలు చూపించాడు, అది నాదే, ఆ సీరియల్లో రైలు లేదు. లేదనే అనుకుంటున్నాను.

మీ తాతయ్య నవ్వడం నీకు గుర్తుందా? మూతి ఒక పక్కకి లాగేవారు, అంతే, శబ్దం రాదు. ఫోటోల్లో చూడు, నవ్వమంటే దగ్గబోయినట్టు ఉంటారు. శబ్దంతో, గొంతు తెరిచి, కుర్చీ వెనక్కి వాలిపోయేలా ఆయన నవ్వడం నా ఎరుకలో ఒక్కసారే, ఆ సాయంత్రమే. ఇప్పుడు అర్థమైందా నేనెందుకు ఈ వరసలో కాళ్ళు లాగుతున్నా నిలబడ్డానో? ఆ సాయంత్రం టీవీదైతే ఆ నవ్వు కూడా టీవీదే. అప్పుడు నా దగ్గర మీ తాతయ్య నవ్వే ఉండదు.

"అమ్మమ్మా, టైర్డ్ అయ్యావా? చెయిర్ తెస్తా నేను."

వద్దు తల్లీ, కూర్చుంటే కథ కూడా కూర్చుంటుంది. విను. అప్పుడు మేము ట్రాయ్ పక్కన చిన్న అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం, వచ్చి ఏడాది కాలేదు, ఇంట్లో టీవీ లేదు, మీ అమ్మ నా కడుపులో ఉంది. మీ తాతయ్య కార్ల కంపెనీలో బొమ్మలు గీసే విభాగం. కొత్త కారు వచ్చినప్పుడు ఊళ్ళో పండగలా చేసేవాళ్ళు, ఎవరో ఒక పేరున్న మనిషిని పిలిచి కారు పక్కన నిలబెట్టి చేతులూపించేవాళ్ళు. ఆ ఏడు వెర్నన్ క్లేబర్న్ వచ్చాడు. అప్పటికే ఆయన సీరియల్ ఆగిపోయింది. పండగ అయ్యాక ఆయన్ని విమానం దగ్గర దింపే పని మీ తాతయ్య నెత్తిన పడింది, కొత్తగా లైసెన్సు వచ్చింది, కాదనడం ఇంకా రాలేదు, అందుకని. దారిలో మంచు. అద్దం మీద తుడిచేకొద్దీ పడుతోందట, ముందు కారు కనపడదు, వెనక కారు కనపడదు, కనపడిందల్లా మా వీధి మలుపు. తలుపు తీస్తే ఇద్దరు మంచుమనుషులు, ఒకడు నా మొగుడు, ఇంకొకడెవరో తెల్లాయన. ఆయన గుమ్మంలో మా చెప్పుల వరస చూసి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. ఆ వేలు బయటికి చూస్తోంది, చలికి ఎర్రగా. టీవీలో డాక్టరు గారి మేజోళ్ళకి చిల్లు పెడతారా, నువ్వే చెప్పు? పెడితే పెడతారేమో. పేదల డాక్టరు కదా. ఏమో.

ఆయన కథ కొంత ఆ రోజు మీ తాతయ్య నాకు తెలుగులో చెప్పింది, కొంత తర్వాత టీవీలో విన్నది, రెండూ కలిసి చిక్కుపడ్డాయి, దువ్వెన దిగడం లేదు. మొక్కజొన్న పండే ఊళ్ళో పుట్టాడు, తండ్రి గుర్రాలకి నాడాలు కొట్టేవాడు. కుర్రతనంలో రేడియోలో చేరాడు, గుర్రం నడిచే చప్పుడు చెయ్యడానికి. రెండు కొబ్బరి చిప్పలు బల్ల మీద కొడితే వినేవాళ్ళకి గుర్రం వస్తున్నట్టుండేదట. మాకు చేసి చూపించాడు, టకటక టకటక, పప్పుగిన్నె పక్కన గుర్రం నడిచి వెళ్ళింది. ఆగు. ఆ చలికాలంలో నా ఇంట్లో కొబ్బరికాయ ఎక్కడిది? కందిపప్పే దొరక్క పసుపు బఠాణీ పప్పు వండేదాన్ని. అయితే చిప్పలు టీవీవి, ఎవరో అడుగుతుంటే చేసి చూపించాడు, ఆ బల్ల వాళ్ళది. సరే, గుర్రాన్ని వాళ్ళకి ఇచ్చేద్దాం. నిజంగా నాది కానిది నాకొద్దు, అందుకే ఒక్కొక్కటే ఏరుతున్నాను. తర్వాత గుర్రాల సినిమాల్లో దొంగ వేషాలు, ఎప్పుడూ మొదట చచ్చేవాడు. పొద్దున్నే ఒక చానెల్లో తుపాకీ దెబ్బ తిని గుర్రం మీంచి పడతాడు, మధ్యాహ్నం ఇంకో చానెల్లో ఎవరికో పురుడు పోస్తాడు, సాయంత్రం తెల్లజుట్టుతో పళ్ళసెట్టు ప్రకటనలో ఆపిలు కొరుకుతాడు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ నల్లజుట్టు. నా ముందు ఆ మనిషి ఏనాడూ వరసగా ముసలివాడు కాలేదు, ఒక రోజు ముందుకి, ఒక రోజు వెనక్కి. చూసేదాని బుర్ర తిన్నగా ఉండమంటే ఎలా ఉంటుంది?

ఒకసారి నిజంగానే పడ్డాడట గుర్రం మీంచి, కుడి భుజం పోయింది, చెయ్యి పైకి లేవదు. అలా ఉండగా డాక్టరు వేషం వచ్చింది. చాలా ఏళ్ళు ఆడింది. అది ఆగిపోయాక ఇంకో వేషం ఎవరూ ఇవ్వలేదు, ఎందుకంటే ఆయన్ని చూస్తే అందరికీ డాక్టరే. హోటల్లో భోంచేస్తుంటే ఎవరో వచ్చి నాలుక చాపి చూపించేవాళ్ళట. విమానంలో ఒకాయనకి గుండెల్లో నొప్పొస్తే ఈయన్నే లేపారట, నేను డాక్టర్ని కానని చెప్పినా నమ్మకపోతే, చెయ్యి పట్టుకుని కూర్చున్నాడట దిగేదాకా, ఆయన బతికాడట. అది విన్నప్పటినుంచి నాకొకటి అనిపిస్తుంది నైనికా, మీ అమ్మతో అనలేదు. దేశం దేశమంతా టీవీనీ బతుకునీ కలిపేసుకుంటే అభిమానం అన్నారు, నేను కలుపుకుంటే జబ్బు అంటున్నారు.

టీవీ మాకు తర్వాత వచ్చింది, మీ అమ్మ పుట్టాక. వేసీ వెయ్యగానే ఆయనే, ఆగిపోయిన సీరియల్ మళ్ళీ మొదటినుంచీ వేస్తున్నారు! చూడండీ, మన ఇంటికొచ్చినాయన, అంటే మీ తాతయ్య పేపరు దించి చూసి మూతి పక్కకి లాగారు. నేను చదివింది ఐదో తరగతి, నాకు ఇంగ్లీషు నేర్పింది ఎవరనుకున్నావు? ఆ డాక్టరు గారే, నెమ్మదిగా, రోగితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. మీ అమ్మకి జ్వరమొస్తే నేను నుదురు మీద చెయ్యి వేసి "హౌ ఆర్ వి ఫీలింగ్ టుడే" అనేదాన్ని, ఆయన గొంతుతోనే.

వరస కదిలింది. పద. ఏమన్నాను? ఉప్పు. కడుపుతో ఉన్నానా, వాసన పడదు, రుచి చూడకుండా వండేదాన్ని, ఆ రోజు పప్పులో ఉప్పే వెయ్యలేదు. మీ తాతయ్య నోరెత్తకుండా తింటున్నారు. ఆయన మాత్రం రెండు ముద్దలు తిని, ఎడమ చెయ్యి చాపి, సాల్ట్ అన్నాడు. ఆ మాట నాకు తెలుసు. ఈ జాడీ తీసుకుని వెళ్ళాను, ఇదే, మూత అంచు అప్పటికే విరిగి ఉంది. ఆయన చెయ్యి గాలిలో ఉంది, అరచెయ్యి తెరిచి. నేను ఆ చెయ్యి దాటి జాడీ బల్ల మీద పెట్టాను. ఉప్పు చేతికిస్తామా? చేతికిస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ పోట్లాట. కింద పెట్టాలి, వాళ్ళు తీసుకోవాలి. నాకు అది ఆలోచన కాదు, ఊపిరి. కానీ ఆయన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. ముఖం చిన్నబోయింది. తనని తాకకూడని మనిషనుకున్నాననుకున్నాడేమో, నాకా అది చెప్పేంత ఇంగ్లీషు రాదు. మీ తాతయ్య ముద్ద వదిలి, వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని వివరించారు. ఆయన జాడీ వంక చూశాడు, తన చెయ్యి వంక చూసుకున్నాడు, చూసి ఏదో అన్నాడు. ఒక్క మాట. అప్పుడు మీ తాతయ్య నవ్వారు. నవ్వి నవ్వి పొలమారింది, నేను మాడు మీద తడుతున్నాను, ఆ తెల్లాయన కూడా లేచి ఎడమచేత్తో తడుతున్నాడు, ఎందుకు తడుతున్నామో తెలియకుండానే.

ఏమన్నాడో అదే గుర్తు లేదు. రాత్రి అడిగితే మీ తాతయ్య చెప్పారు, నేనూ నవ్వాను, నా కడుపులో మీ అమ్మ కదిలింది. ఆ మాట మాత్రం పోయింది. నవ్వు మిగిలింది, దేనికి నవ్వారో పోయింది. మీ తాతయ్య ఎవరికీ చెప్పలేదు, పెద్ద మనిషిని హోటల్లో పెట్టకుండా ఇంటికి తీసుకెళ్ళావా అని ఆఫీసులో అంటారని. ఫోటో లేదు. సాక్షులు ముగ్గురు, ఒకాయన పోయారు, ఒకాయన అదిగో ఆ బల్ల దగ్గర, మూడోదాని మాట ఇంట్లోనే చెల్లడం లేదు.

ఇంకా ఘోరం చెప్పనా. ఆ ఉప్పు నాకు టీవీలోనూ కనిపిస్తుంది. డాక్టరు గారు రైతు ఇంట్లో బల్ల దగ్గర కూర్చుంటాడు, ఆ రైతు పెళ్ళాం ఉప్పు అడుగుతుంది, ఈయన చేతికివ్వకుండా బల్ల మీద పెడతాడు, ఆమె చెయ్యి గాలిలో ఉండిపోతుంది. మా ఇంట్లో నేర్చుకుని సీరియల్లో పెట్టాడని ఎంత పొంగిపోయానో! ఆ గీతల గుడ్డ, ఆ బల్ల, కళ్ళకి కట్టినట్టు ఉంది. నిన్న నువ్వు మెత్తగా చెప్పావు, నీకు చెప్పాలని లేదు పాపం, "అమ్మమ్మా, షో సెవెంటీ వన్‌లో ఎండ్ అయిపోయింది. నువ్వు అమెరికా వచ్చింది సెవెంటీ ఫోర్ కదా?" అయిపోయిన సీరియల్లోకి మా ఇంటి ఉప్పు ఎలా వెళుతుంది? వెళ్ళదు. అంటే అక్కడినుంచే నా ఇంట్లోకి వచ్చింది.  అయినా జాడీ కడిగి ఉప్పు పోసి సంచిలో పెట్టుకున్నాను.

ముందున్నావిడ మన మాట వింటోంది, చూశావా, ఆ వాకరు కాళ్ళకి టెన్నిస్ బంతులు తొడిగినావిడ, చొక్కా మీద ఆయన బొమ్మ. ఏం భాష అని అడుగుతోందా? తెలుగని చెప్పు. పేరు లొరేన్ అంటోందా, నమస్కారం చెప్పు. ఈవిడకి ఆ సీరియల్లో తెలియంది లేదంటోందా? అయితే అడుగు. ఆ ఉప్పు ఏ భాగంలో ఉందో అడుగు. అడుగమ్మా, ఏదైతే అదే అవుతుంది, ఆయన ముందు నిలబడి నవ్వులపాలయ్యే కంటే నయం.

"సాల్ట్? ఓ హనీ, నో." ఆవిడ ఎంత గట్టిగా తల తిప్పిందో. తర్వాత చెప్పిందంతా నువ్వు నీ తెలుగులో చెబుతున్నావు, నీ చెయ్యి నా చేతిని పట్టుకుంది. "అమ్మమ్మా, ఆ షోలో డాక్టర్ ఎప్పుడూ ఈట్ చెయ్యడంట. ఎవ్రీ ఎపిసోడ్, ఫోర్క్ ఇలా పైకి తీస్తాడు, ఫోన్ రింగ్ అవుతుంది, వెళ్ళిపోతాడు. అదే జోక్ అంట. వన్స్ కూడా తినలేదంట. సో సాల్ట్ సీన్ లేదు. ఈవిడ అన్నీ చూసిందంట, మెనీ టైమ్స్."

ఎప్పుడూ తినడు. అవును కదా! ఫోను మోగుతుంది, కుర్చీ మీంచి కోటు లాక్కుంటాడు, వెనకనుంచి ముసలి నర్సు అరుస్తుంది. అన్నేళ్ళు చూశాను, ఒక్కనాడు ఆయన అన్నం తినలేదు, అది నాకు తట్టలేదు. మరి ఆ రైతు పెళ్ళాం ఎవరు? ఆ గీతల గుడ్డ? ఆగు, గీతల గుడ్డ నాది, కంపెనీ వాళ్ళు పండక్కి ఇచ్చారు, నా బల్ల మీదది. అయితే టీవీలోంచి నా ఇంట్లోకి రాలేదా, నా ఇంట్లోంచే టీవీలోకి నేను మోసుకెళ్ళానా?  రెండిట్లో ఒకటి లేనిదని తేలింది, అది టీవీది. కానీ ఒకటి అబద్ధమైతే రెండోది నిజమవ్వాలని ఎక్కడుంది, రెండూ నేనే కల్పించుకుని ఉండవచ్చు, ఏ మధ్యాహ్నమో మాగన్నుగా పడుకుని. నడుస్తున్నాను కదా? కాళ్ళ కింద ఎర్ర పువ్వులు కదులుతున్నాయి. లొరేన్ సంతకం చేయించుకుని కళ్ళు తుడుచుకుంటూ పక్కకి జరిగింది. మన వంతు.

నైనికా, కారు తర్వాత తెద్దువుగాని, హాల్లోంచి బయటికి వచ్చేశాం కదా, ముందు ఈ సోఫాలో నా పక్కన కూర్చో. నువ్వు చూసిందే, అయినా చెబుతాను, చెబితేనే నాకు నిలుస్తుంది. దగ్గరగా చూస్తే ఆయన ఎంత చిన్నవాడైపోయాడు, స్వెట్టరు లోపల ఎక్కడో ఉన్నాడు. పక్కన కూతురు, ఆవిడకే అరవై దాటి ఉంటాయి, మనతో గొంతు తగ్గించి ఏమంది? పొద్దుటినుంచి ఎవర్నీ గుర్తుపట్టడం లేదు, ఏమీ అనుకోవద్దు, ఏదైనా బల్ల మీద పెడితే సంతకం చేస్తారు అని. ఆ మాటతో నా ఆశ అక్కడే పోయింది. నా జ్ఞాపకానికి సాక్ష్యం అడుగుదామని వస్తే సాక్షికే జ్ఞాపకం లేదు. ఆయనా సోమవారాలు డాక్టరు దగ్గరికి వెళుతున్నాడేమో, ఆ కూతురూ నేలవైపు చూస్తోందేమో. నేను జాడీ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన నా మొహం చూడలేదు, సంతకం పెట్టాల్సిన వస్తువనుకుని, ఎడమచేత్తో దగ్గరికి లాక్కుని, లావు కలంతో జాడీ పొట్ట మీద పేరు రాశాడు, గీత గీతకీ ఆగి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కూతురు మూత ఎత్తి చూసి, ఓ, ఇట్స్ సాల్ట్ డాడ్, అంది. మూత పెట్టి, జాడీ నా వైపు చాపింది. అప్పుడు నేనేం చేశానో చూశావా? చెయ్యి చాపాను. నేను! పుట్టి బుద్ధెరిగాక ఉప్పు చేతికి పుచ్చుకోనిదాన్ని, అరచెయ్యి తెరిచి చాపాను. మీ అమ్మ భయపడేది దీనికే, ఏది మరిచిపోతానో నాకే తెలియదు.

ఆయన కూతురి మణికట్టు పట్టుకున్నాడు. "నో, నో. నాట్ ఇన్ ది హ్యాండ్." ఆ గొంతు, నైనికా! రోగితో మాట్లాడే గొంతు. జాడీ ఆవిడ చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టి ఒక వేలితో నా వైపు తోశాడు, తోసి, చెయ్యి వెనక్కి తీసుకుని, నేను తీసుకునేదాకా చూశాడు. అప్పుడేదో గొణిగాడు. కూతురికి అర్థం కాలేదు, వాట్ డాడ్, అంటోంది. నువ్వు మాత్రం ఫక్కున నవ్వి, అంతలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నావు, నీ కళ్ళు అంత పెద్దవయ్యాయి.

"అమ్మమ్మా, హి సెడ్... ముగ్గురు వైఫ్‌లూ సాల్ట్ చేతికే ఇచ్చారంట. అందుకే అందరూ వెళ్ళిపోయారంట."

అదే. అదే మాట. నా దగ్గర లేని మాట నేనెలా కల్పిస్తాను? నా దగ్గర లేదు కదా అది, ఇన్నేళ్ళూ ఆయన దగ్గర ఉంది, అన్నీ పోయినా అది మిగుల్చుకున్నాడు. నువ్వు ఆ మాట అంటుండగానే మీ తాతయ్య నవ్వారు, కుర్చీ వెనక్కి వాలి, పొలమారి, నేను ఈ చేత్తోనే మాడు మీద తట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టాడంటావా? లేదు. మళ్ళీ కలం పట్టుకుని తర్వాతి వాళ్ళ కోసం చూశాడు. నన్ను మరిచిపోయి నా ఉప్పు గుర్తుపెట్టుకున్నాడు. నాకు అది చాలు.

కానీ తల్లీ, ఇది కూడా జారుతుంది. నాకు తెలుసు. ఇప్పుడే ఈ సోఫా కొంచెం కొంచెం వేరే సోఫాలా ఉంది, ఆ దీపాలు షూటింగు దీపాల్లా ఉన్నాయి. సోమవారం డాక్టరమ్మ గదిలో నాతో నువ్వు కూడా రా, కాలేజీ ఒక్క పూట మానెయ్యి. నేను తడబడితే నువ్వు చెప్పు. మీ అమ్మకి ఇవాళే చెప్పు, జాడీ బల్ల మీద పెట్టి చెప్పు, చేతికివ్వకు. ఎప్పుడో ఒకనాడు నేనే, ఒక ముసలి యాక్టరు ఉప్పు జాడీ బల్ల మీద పెట్టడం టీవీలో చూశానే అంటాను. అన్నప్పుడు, కాదు అమ్మమ్మా, నువ్వు అక్కడ ఉన్నావు, నేనూ ఉన్నాను అని చెప్పు. నేను లేకపోయాక నీ వాళ్ళకి చెప్పు, నీకొచ్చిన తెలుగులోనే చెప్పు, ఇంగ్లీషు కలిసినా ఫరవాలేదు. ఆ ముగ్గురు పెళ్ళాల మాట దగ్గరికి వచ్చాక మాత్రం మూతి పక్కకి లాగి ఊరుకోకు. శబ్దంతో నవ్వు.